వేలు పడలేదు

కాశీబుగ్గలో మా రేషన్ డిపో షట్టరు పైన
కరెంటు మీటరు పెట్టెకీ గోడకీ మధ్య
జానెడు సందు.
అందులో పిచ్చిక కాపురం.
గడ్డి, కొబ్బరి పీచు, గోనెసంచి పోగులు,
ఎవరి పిల్లాడిదో తెగిన మొలతాడు ముక్క.
తూచేటప్పుడు రాలిన నూకలకి
నేను లెక్క రాయను.
వాటి వాటా అది. కార్డు అడగను.

ఆ నెల మూడో తారీఖు.
జీడి బట్టీల పొగ ఇంకా వీధిలోనే ఉంది.
వరసలో పదిహేడో మనిషి బమ్మిడి దాలమ్మ.
మిషను మీద బొటనవేలు పెట్టింది.
ఎర్ర దీపం.
చీరకి తుడుచుకుని మళ్లీ పెట్టింది.
ఎర్ర దీపం.
"వేలు పడలేదు, రేపు రా" అన్నాను.
ఈ మాట నా నోట్లో ఉమ్మిలాగ ఊరుతుంది,
ఆలోచించక్కర్లేదు.

అప్పుడే పడింది
మీటరు పెట్టె మీంచి సంచుల మధ్యకి,
చింతపిక్కంత చప్పుడుతో.

ఇంకా ఈకలు రాని పిల్ల.
ఉడకబెట్టిన వేరుశనగ పప్పు రంగు ఒళ్లు,
కళ్లుండాల్సిన చోట రెండు నీలం బొబ్బలు,
మిగిలిందంతా నోరే.
నోటి అంచున పసుపు గీత,
పండగనాటి గడపలాగ.

వరస చెదిరి గుండ్రమైంది.
"ముట్టుకోకండి" అన్నారు వెనకనుంచి ఎవరో,
"మనిషి వాసన తగిలితే తల్లి మరి రాదు."
నేనూ విన్నాను చిన్నప్పుడు ఆ మాట.
విన్నందుకే కాబోలు
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను,
మహా దయగలవాడిలాగ.

దాలమ్మ సంచి కింద పెట్టింది.
"నా సేతికి మనిసి వాసనేటి బావూ,
జీడి వాసన గానీ.
ముప్పయ్యేళ్లయిపోనాది పిక్కలు కొట్టి.
సబ్బుకే నొంగనేదు.
పిచ్చికకేటి తెలుస్తాది నానెవలో?"

అప్పుడు చూశాను ఆ చేతులు,
ఆరేళ్లుగా నా మిషను మీద పెట్టించుకుంటున్న చేతులు,
మొదటిసారి.
వేళ్ల కొసలు నల్లగా, నున్నగా,
ఏటి అడుగు రాళ్లలాగ.
గీతలన్నీ జీడి రసం తినేసింది.
శంఖమూ లేదు, చక్రమూ లేదు,
ఏ జోస్యుడూ నోరు తెరవలేనంత శుభ్రం.

ఆ నునుపు మీద పిల్ల పడుకుంది.
ఎక్కడా గరుకు తగల్లేదు కాబోలు
నోరు మూసింది.

బియ్యం బస్తాలు మూడు, వాటి మీద స్టూలు.
కలాసీ గున్నయ్య స్టూలు పట్టుకున్నాడు.
నేను "జాగ్రత్త" అన్నాను. అదే నా సాయం.
మునికాళ్ల మీద అందింది సందు.
లోపల ఇంకా రెండు నోళ్లు, మూడేమో,
అన్నిటిదీ ఒకటే గోల.
"జరగండర్రా, మీ తోడబుట్టిందే" అంది వాటితో,
పలాస బస్సులో చోటడిగినట్టు.

తరవాత అందరం ఎదురు చూశాం.
తూకం ఆగింది.
రైల్వే గేటు పడింది, లేచింది, మళ్లీ పడింది.
తీగ మీద తల్లి
అటు రెండు గెంతులు, ఇటు రెండు గెంతులు,
ముక్కున ఆకుపచ్చ పురుగు.
అంతసేపూ ధైర్యంగా ఉన్న దాలమ్మ
చేతులు రెండూ చెంగులో దాచేసుకుంది,
తప్పు చేసిన గుంటలాగ.

పిచ్చిక దిగింది.
సందులోకి తొంగి చూసింది.
పురుగు పెట్టింది, ఎగిరిపోయింది.
ఎవరు ముట్టారో అడగలేదు.
కాసేపటికి ఇంకో పురుగు.

గున్నయ్య ఈల వేశాడు.
ఎవరో చప్పట్లు కొట్టబోయి
పిట్ట బెదురుతుందని మానుకున్నారు.

"మరి రేపు రమ్మంతావేటి" అంది దాలమ్మ
ఖాళీ సంచి దులుపుతూ, మామూలుగా.
"రేపొస్తే కూలి పోద్ది. ఎల్లుండొస్తాన్లే."

వేలు పడనివాళ్ల బదులు
వీఆర్వో వేలు వెయ్యొచ్చని కాగితం ఉంది.
నా వెనక గోడకే ఉంది,
కింద నుంచి రెండో లైను.
జిగురు రాసి అంటించింది నేనే.

బండి తాళం తీశాను.
"ఎక్కడికి, ఎక్కడికి" అని అరిచింది వరసంతా.

వీఆర్వో ఇల్లు
నాలుగు వీధుల అవతల.
ఆరేళ్లుగా అక్కడే ఉంది.